ఫస్ట్ టైమ్ తుపాకీ కొంటున్నారా? లైసెన్స్ నుంచి తాళం దాకా.. ఇవి తెలుసుకున్నాకే అడుగేయండి!

పరకాల: మక్క చేను కంకి పట్టే టైమ్‌కి అడవి పందుల మంద దిగుతుంది. తెల్లారి వెళ్లి చూస్తే చేను నేలమట్టం. పెట్టుబడి పోయిన బాధలో ఏ రైతుకైనా ముందు వచ్చే మాట ఒక్కటే. "ఒక్క తుపాకీ ఉంటే బాగుండు!" పరకాల, నడికూడ, శాయంపేట, దామెర వైపు ఏ టీ కొట్టు దగ్గర కూర్చున్నా ఈ మాట వినిపిస్తుంది.

ఇంకొందరికి తాత చనిపోయాక ఇంట్లో పాత డబుల్ బ్యారెల్ మిగులుతుంది. ఏం చేయాలో తెలియదు. కొందరు యూత్‌కి టీవీలో షూటింగ్ పోటీలు చూసి ఇంట్రెస్ట్ పుడుతుంది. ఈ ముగ్గురికీ తొలి ఆయుధం దాదాపు ఒక్కటే.. షాట్‌గన్.

అయితే బైక్ కొన్నట్టు షోరూమ్‌కి వెళ్లి కొనుక్కునేది కాదిది. ముందు లైసెన్స్, ఆ తర్వాతే తుపాకీ. ఇంకో ముఖ్యమైన విషయం కూడా ఉంది. తుపాకీ లైసెన్స్ వచ్చిందంటే పందిని కాల్చే పర్మిషన్ వచ్చినట్టు కాదు! చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. పూర్తి వివరాలు చూద్దాం.

■ అసలు షాట్‌గన్ అంటే ఏంటి?

రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. షాట్‌గన్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రైఫిల్ నుంచి ఒక్క బుల్లెట్ వస్తుంది. షాట్‌గన్ తూటాలో చిన్న చిన్న సీసం గుండ్లు ఉంటాయి, పేలగానే అవి ముందుకెళ్తూ విచ్చుకుంటాయి. అంటే ఒకే దెబ్బకు ఒక చోట కాదు, కొంత వెడల్పు మేర తగులుతాయి.

మన దగ్గర ఎక్కువగా వినిపించేది '12 బోర్'. ఈ నంబర్ వెనుక ఒక లెక్క ఉంది. ఒక పౌండు, అంటే దాదాపు 453 గ్రాముల సీసాన్ని సమానంగా 12 గుండ్రటి ఉండలు చేస్తే, ఒక్కో ఉండ ఎంత లావు ఉంటుందో గొట్టం అంత లావు ఉంటుంది. దాదాపు 18.5 మిల్లీమీటర్లు. 20 బోర్ అంటే అదే పౌండును 20 ఉండలు చేసినట్టు. అందుకే నంబర్ పెద్దదైతే గొట్టం సన్నగా ఉంటుంది.

ఒకే గొట్టం ఉంటే సింగిల్ బ్యారెల్, రెండుంటే డబుల్ బ్యారెల్. పంప్ యాక్షన్ అని ఇంకో రకం ఉంది. దాంట్లో ముందు చేత్తో పిడిని వెనక్కీ ముందుకూ లాగితే తర్వాతి తూటా ఎక్కుతుంది.

■ ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి.. ఎందుకు?

అప్లికేషన్‌లో అడిగే మొదటి ముఖ్యమైన విషయం ఇదే. జవాబును బట్టి దారి మారుతుంది.

1. పంట కాపాడుకోవడానికి: ఆయుధాల చట్టం 1959లోని 13వ సెక్షన్‌లో పంట రక్షణ అనే మాట స్పష్టంగా ఉంది. దీని కింద మామూలుగా ఇచ్చేది మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్స్. అది సరిపోదని అధికారి నమ్మితే, 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న షాట్‌గన్‌కు కూడా ఇవ్వొచ్చు. ఆస్తి పెద్దగా లేదన్న ఒక్క కారణంతో లైసెన్స్ నిరాకరించకూడదని కూడా చట్టం చెబుతోంది. చిన్న రైతులు ఈ పాయింట్ గుర్తుపెట్టుకోవాలి.

2. ఆత్మరక్షణకు: ప్రాణభయం ఉందని చెబితే సరిపోదు. ఎవరి నుంచి, ఎందుకు అన్నదానికి ఆధారాలు కావాలి. గతంలో ఫిర్యాదు చేసి ఉంటే ఆ కాగితాలు జత చేయాలి.

3. క్రీడ కోసం: షాట్‌గన్‌తో ఆడే ఒలింపిక్ పోటీలు ట్రాప్, స్కీట్. గాల్లోకి ఎగిరే 110 మిల్లీమీటర్ల మట్టి పళ్లేన్ని పగలగొట్టాలి. మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడాడు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత కాంస్యం, టీమ్ స్వర్ణం తెచ్చాడు. ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు తుపాకీ కంటే ముందు రైఫిల్ అసోసియేషన్‌లో సభ్యత్వం, కోచ్ దగ్గర ట్రైనింగ్ చూసుకోవాలి.

4. తాత తుపాకీ: లైసెన్స్ ఉన్న పెద్దాయన చనిపోతే ఆ తుపాకీని బీరువాలో పెట్టుకుని కూర్చోకూడదు. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో లేదా లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత వారసుడు తన పేరు మీద లైసెన్స్‌కు అప్లై చేసుకోవచ్చు. పెద్దాయన బతికి ఉండగానే మార్చుకునే వీలు కూడా ఉంది. ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా వారసుడికి లైసెన్స్ కోసం అడగొచ్చు.

■ లైసెన్స్ ఉంటే పందిని కాల్చొచ్చా?

కాల్చకూడదు! లైసెన్స్ ఇచ్చేది ఆయుధాల చట్టం కింద. అడవి జంతువుల సంగతి చూసేది వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972. రెండూ వేర్వేరు.

అడవి పంది ఆ చట్టం షెడ్యూల్‌లో ఉన్న జంతువు. అది ప్రాణానికి, ఆస్తికి, చేలో ఉన్న పంటకు ముప్పుగా మారితే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. 11వ సెక్షన్ చెప్పేది ఇదే. ఆ కాగితం లేకుండా కాలిస్తే వేట కిందే లెక్క. జైలు, జరిమానాతో పాటు తుపాకీ, లైసెన్స్ రెండూ పోతాయి. నెమలి అయితే ఇంకా కఠినం, అది షెడ్యూల్ 1లో ఉంది.

కాబట్టి పంట పోతుంటే ముందు వెళ్లాల్సింది అటవీశాఖ దగ్గరికి. పంట నష్టం ఫొటోలు, పట్టాదారు పాస్‌బుక్ కాపీతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పరిహారానికి అప్లై చేయండి. పందుల బెడద తగ్గించే అనుమతి గురించి అడగండి.

అభయారణ్యం దగ్గర ఉండేవాళ్లకు ఇంకో రూల్ ఉంది. పాకాల, ఏటూరునాగారం లాంటి అభయారణ్యాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఒప్పుకోకుండా కొత్త లైసెన్స్ ఇవ్వరు. నర్సంపేట వైపు, ములుగు వైపు చుట్టాలుంటే ఈ సంగతి వాళ్లకూ చెప్పండి.

■ లైసెన్స్ ఎవరిస్తారు? ఎలా అప్లై చేయాలి?

పరకాల ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. పోలీసు పరంగా వరంగల్ కమిషనరేట్ కిందకు వస్తుంది. కాబట్టి లైసెన్స్ అధికారి పోలీస్ కమిషనర్. కమిషనరేట్ లేని పక్క జిల్లాలు భూపాలపల్లి, ములుగులో అయితే కలెక్టర్.

స్టెప్ బై స్టెప్ ఇలా..

• వయసు 21 నిండాలి. హింసకు సంబంధించిన కేసులో శిక్ష పడినవాళ్లకు, శిక్ష ముగిశాక కూడా ఐదేళ్ల దాకా అర్హత లేదు.

• ఆయుధాల రూల్స్ 2016 ప్రకారం కొత్త లైసెన్స్‌కు ఫారం ఏ-1 నింపాలి. కేంద్ర హోంశాఖ పోర్టల్ ఎన్‌డీఏఎల్-ఏఎల్ఐఎస్‌లో అప్లికేషన్ పెట్టొచ్చు.

• ఐడీ, అడ్రస్ ప్రూఫ్, ఫొటోలతో పాటు మానసిక, శారీరక ఆరోగ్యంపై డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. ఆయుధాన్ని భద్రంగా దాచే ఏర్పాటు ఉందని హామీ పత్రం ఇవ్వాలి. పంట రక్షణకైతే భూమి కాగితాలు పెట్టాలి.

• ఆయుధం సేఫ్‌గా వాడటంపై ట్రైనింగ్ సర్టిఫికెట్ కూడా రూల్స్‌లో ఉంది. దీన్ని కాగితం కోసం చేసే పనిగా చూడొద్దు. కొత్తవాళ్లకు అసలు చదువు ఇక్కడే.

• తర్వాత పోలీస్ వెరిఫికేషన్. స్టేషన్ నుంచి ఇంటికి వస్తారు, చుట్టుపక్కల వాళ్లను అడుగుతారు. పాత కేసులు, భూమి గొడవలు ఉంటే దాచొద్దు. దాచి దొరికితే అదే పెద్ద మైనస్.

• ఓకే అయితే ఫారం 3లో లైసెన్స్ వస్తుంది. దాని మీద యూఐఎన్ అనే ప్రత్యేక నంబర్ ఉంటుంది. గడువు ఐదేళ్లు. 2019 సవరణకు ముందు ఇది మూడేళ్లే.

• కాదంటే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. మీరు అడిగితే చెప్పాలి. ప్రజా ప్రయోజనం దృష్ట్యా చెప్పలేని సందర్భాలు మాత్రం వేరు. పై అధికారికి అప్పీల్ చేసుకునే వీలుంది.

ఒకరి పేరు మీద గరిష్ఠంగా రెండు తుపాకులే ఉండాలి. ఇది కూడా 2019లో వచ్చిన మార్పే, అంతకుముందు మూడు ఉండేవి.

"డబ్బులిస్తే వారంలో లైసెన్స్ ఇప్పిస్తా" అనే బ్రోకర్లు తగిలితే దూరం జరగండి. నకిలీ లైసెన్స్‌తో పట్టుబడితే లైసెన్స్ లేనట్టే లెక్క, దానికి తోడు ఫోర్జరీ కేసు.

■ కొనేటప్పుడు ఏం చూడాలి?

కొత్తవాళ్లకు 12 బోర్ సింగిల్ లేదా డబుల్ బ్యారెల్ చాలు. ఎందుకంటే దాన్ని మధ్యలో మడిచి తెరిస్తే తూటా ఉందా లేదా అన్నది కంటికి నేరుగా కనిపిస్తుంది. పంప్ యాక్షన్‌లో తూటాలు కింద ట్యూబ్‌లో దాక్కుని ఉంటాయి. ఖాళీ అనుకుని పొరపడే ఛాన్స్ ఎక్కువ.

దేశంలో సామాన్యులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకునే వీలు 1980ల నుంచి లేదు. పేరున్న షూటర్లకే ఆ వెసులుబాటు. అందుకే మార్కెట్లో దొరికేవి ప్రభుత్వ ఫ్యాక్టరీలవి, లైసెన్స్ ఉన్న ప్రైవేటు తయారీదారులవి, పాత ఇంపోర్టెడ్‌వి. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 12 బోర్ తుపాకులు చాలామందికి తెలిసినవే.

షాపులో చేయాల్సినవి:

• లైసెన్స్ ఒరిజినల్ తీసుకెళ్లాలి. తుపాకీ మీద చెక్కిన నంబర్, బిల్లు మీద నంబర్, లైసెన్స్‌లో రాసే నంబర్ మూడూ ఒకటే అని అక్కడే చూసుకోవాలి.

• తుపాకీ భుజానికి ఆనించి చూడాలి. కట్టె మరీ పొడుగైతే భుజం దగ్గర చొక్కాకు తట్టుకుంటుంది. మరీ పొట్టైతే వెనక్కి తన్నినప్పుడు బొటనవేలు ముక్కుకు తగులుతుంది.

• గొట్టాన్ని వెలుతురు వైపు పెట్టి లోపల చూడాలి. తుప్పు మచ్చలు, సొట్టలు, ఉబ్బు ఉంటే వద్దు. మడిచి మూసినప్పుడు వదులుగా ఊగకూడదు.

• గొట్టం మూతి దగ్గర కాస్త సన్నబడటాన్ని చోక్ అంటారు. ఎక్కువ చోక్ ఉంటే గుండ్లు దగ్గరగా, దూరం దాకా వెళ్తాయి. తక్కువ ఉంటే త్వరగా విచ్చుకుంటాయి. మీ తుపాకీ ఏ రకమో అడిగి రాసుకోండి.

సెకండ్ హ్యాండ్ తుపాకీ ఇంకో లైసెన్స్‌దారు నుంచి కొంటున్నారా? అమ్మేవాళ్లు ముందుగా అధికారులకు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు ఆగాలి. ఆ లోపు చేతులు మారితే ఇద్దరిదీ తప్పే.

కొన్నాక తుపాకీని లైసెన్స్ అధికారికి చూపించి వివరాలు ఎక్కించుకోవాలి. అప్పుడే పని పూర్తయినట్టు.

■ తూటాల దగ్గర తేడా వస్తే తుపాకీ పగులుతుంది!

ఏ బోర్ తుపాకీకి ఆ బోర్ తూటానే. 20 బోర్ తూటా పొరపాటున 12 బోర్ గొట్టంలో వేస్తే కిందికి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. పైనుంచి చూస్తే ఖాళీగా కనిపిస్తుంది. దాని వెనక 12 బోర్ తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగిలి చేతులు పోతాయి. అందుకే 20 బోర్ తూటాలు పసుపు రంగులో చేస్తారు. రెండు రకాలూ ఒకే పెట్టెలో పెట్టొద్దు.

తూటా పొడవు కూడా ముఖ్యం. గొట్టం మీద 65 లేదా 70 మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది. అంతకంటే పొడుగు తూటా వాడకూడదు. పాత తుపాకుల్లో ఈ తేడా ఎక్కువగా వస్తుంది.

తూటా మీద ఎల్‌జీ, ఎస్‌జీ, బీబీ, 4, 6, 8 అని ఉంటుంది. అది లోపలి గుండు సైజు. ఎల్‌జీ, ఎస్‌జీ పెద్ద గుండ్లు. 8 అంటే చిన్నవి. నంబర్ పెరిగే కొద్దీ గుండు చిన్నదవుతుంది. చిన్న గుండ్లు కూడా 200 మీటర్ల దాకా వెళ్లగలవు. పెద్దవి అర కిలోమీటరు కూడా దాటతాయి. అంటే మీ చేను గట్టు దాటి పక్కోళ్ల చేను, ఆపై రోడ్డు దాకా!

ఎన్ని తూటాలు కొనొచ్చు, ఒకసారి దగ్గర ఎన్ని పెట్టుకోవచ్చు అన్నది లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది. కొన్న ప్రతిసారీ లెక్క ఎక్కాలి.

■ చేతిలోకి తీసుకున్నాక.. ఈ రూల్స్ మర్చిపోతే ప్రాణమే పోతుంది

1. ప్రతి తుపాకీలో తూటా ఉందనే అనుకోవాలి. ఇప్పుడే ఖాళీ చేశా అన్నా సరే, చేతులు మారిన ప్రతిసారీ తెరిచి చూడాలి.

2. మూతి ఎప్పుడూ మనుషుల వైపు ఉండొద్దు. సరదాకి కూడా వద్దు.

3. కాల్చాలని నిర్ణయించుకునే దాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టొద్దు.

4. ముందేముందో, దాని వెనకేముందో స్పష్టంగా కనిపిస్తేనే కాల్చాలి. పరకాల వైపు ఇది మరీ ముఖ్యం. రాత్రి మక్క చేనులో ఏదో కదిలితే అది పందే అని ఎలా చెప్తారు? మోటార్ వేయడానికి వచ్చిన పక్క రైతు కావొచ్చు. కాపలా పడుకున్న సొంత తమ్ముడే కావొచ్చు. చప్పుడు విని కాల్చడం అంటే మనిషి మీద పందెం కాయడమే.

5. గట్టు ఎక్కేటప్పుడు, కంచె దాటేటప్పుడు, బండి ఎక్కేటప్పుడు తూటాలు తీసేయాలి.

6. ట్రిగ్గర్ నొక్కినా పేలలేదా? వెంటనే తెరవొద్దు. మూతి ఖాళీ స్థలం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి, ఆ తర్వాత తీయాలి. శబ్దం మరీ తక్కువగా వస్తే గొట్టంలో ఏదో ఇరుక్కుని ఉండొచ్చు. ఖాళీ చేసి చూడకుండా రెండోది కాల్చొద్దు.

7. మూతి నేలకు తగిలి మట్టి పట్టినా గొట్టం పగులుతుంది. ముందు ఖాళీ చేయాలి, తర్వాత శుభ్రం చేయాలి.

8. చెవులకు మఫ్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. షాట్‌గన్ చప్పుడు 140 డెసిబెల్స్ పైనే, ఒక్కసారికే చెవి దెబ్బతినొచ్చు.

9. మందు తాగితే తుపాకీ ముట్టుకోవద్దు. తాగిన చేతికి ఇవ్వొద్దు కూడా.

కాల్చేటప్పుడు కట్టెను భుజం గుంటలో గట్టిగా ఆనించాలి. వదులుగా పట్టుకుంటేనే వెనక్కి తన్ని భుజం కమిలేది. ఎడమ కాలు కాస్త ముందు, బరువు ముందుకు. ఎడమ చేతివాళ్లు కాళ్లు మార్చుకోవాలి. మొదటి తూటాలు ఒంటరిగా కాకుండా ట్రైనర్ పక్కన ఉండగా, రేంజ్‌లోనే కాల్చండి.

■ ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

గోడకు వేలాడదీయడం, మంచం కింద పెట్టడం సినిమాల్లోనే బాగుంటుంది. తుపాకీ ఖాళీ చేసి, వీలైతే గొట్టం, కట్టె విడదీసి, తాళం వేసిన ఇనుప బీరువాలో పెట్టాలి. తూటాలు వేరే చోట, వేరే తాళంతో ఉండాలి. తాళాలు లైసెన్స్ ఉన్న మనిషి దగ్గరే. "పిల్లలకు తెలియదులే" అనుకోవద్దు. పిల్లలకు ఇంట్లో అన్నీ తెలుసు.

వానాకాలంలో తేమకు గొట్టం తుప్పు పడుతుంది. వాడిన ప్రతిసారీ రాడ్‌తో తుడిచి, పల్చగా నూనె రాయాలి. వాడకపోయినా నెలకోసారి చూడాలి.

తుపాకీ పోయినా, దొంగలు ఎత్తుకెళ్లినా వెంటనే స్టేషన్‌లో చెప్పాలి.

ఇంకో మాట చెప్పక తప్పదు. అప్పుల టెన్షన్, గొడవలు, మనసు బాగోలేని రోజులు ఏ ఇంట్లో అయినా వస్తాయి. అలాంటప్పుడు ఇంట్లో తుపాకీ ఉండటం ప్రమాదం. కొన్నాళ్లు స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో డిపాజిట్ చేయండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ నంబర్ 14416కు ఫ్రీగా కాల్ చేయొచ్చు.

■ లైసెన్స్ ఉన్నా ఇవి చేస్తే కేసే!

• పెళ్లి బరాత్‌లో, బర్త్‌డేలో, గెలుపు ర్యాలీలో గాల్లోకి కాల్చడం. ఇతరుల ప్రాణాల మీదకు తెచ్చేలా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గాల్లోకి వెళ్లిన గుండు కిందికి రాక తప్పదు కదా!

• జాతరకు, మతపరమైన ఊరేగింపుకు, సభకు, స్కూల్ లేదా కాలేజీ ఆవరణకు తీసుకెళ్లడం. లైసెన్స్ షరతుల్లోనే వద్దని ఉంది. మేడారం వెళ్లేటప్పుడు బండిలో "సేఫ్టీకి" పెట్టుకెళ్తా అంటే కుదరదు.

• ఫ్రెండ్‌కి అరువు ఇవ్వడం, తుపాకీ పట్టుకుని రీల్స్ చేయడం. రీల్ వైరల్ అయితే ముందు చూసేది పోలీసులే.

• ఎలక్షన్ టైమ్‌లో డిపాజిట్ చేయమని ఆర్డర్ వచ్చినా ఇవ్వకపోవడం. రసీదు తీసుకుని ఇవ్వండి, ఎలక్షన్ అయ్యాక తిరిగి తీసుకోవచ్చు.

• గడువు దాటిపోవడం. కనీసం రెండు నెలల ముందే రెన్యూవల్‌కు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

■ "నాటు తుపాకీ చవక కదా?"

చవకే, కానీ దాని ఖర్చు తర్వాత తెలుస్తుంది. లైసెన్స్ లేని తుపాకీ దగ్గరుంటే రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు. తయారుచేసినా, అమ్మినా ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. పైగా ఏ టెస్టూ లేని గొట్టం ఎప్పుడు మొహం మీదే పేలుతుందో ఎవరికీ తెలియదు.

చేను చుట్టూ నేరుగా కరెంటు తీగ పెట్టడం కూడా అంతే. తీగకు పంది కంటే ముందు మనిషి తగలొచ్చు. పగలు మరిచిపోయి మీరే తగలొచ్చు. సోలార్ ఫెన్సింగ్ వేరు, అది ఆగి ఆగి చిన్న షాక్ ఇచ్చి జంతువును వెనక్కి పంపుతుంది.

■ క్విక్ డౌట్స్

ఎయిర్ గన్‌కు లైసెన్స్ కావాలా? 0.177 క్యాలిబర్, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నవాటికి అక్కర్లేదు. గురి నేర్చుకోవడానికి కొత్తవాళ్లకు ఇదే మంచి మొదలు. కానీ పిట్టలను కాల్చకూడదు.

భర్త లైసెన్స్‌తో భార్య వాడొచ్చా? లేదు. ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే.

లైసెన్స్ వస్తే హక్కు వచ్చినట్టేనా? కాదు. షరతులు తప్పితే సస్పెండ్ చేయొచ్చు, రద్దు చేయొచ్చు.

■ చివరగా..

కొనే ముందు ఒక కాగితం తీసుకుని మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఎందుకు కావాలి? ఎక్కడ పెడతా? ఎవరి దగ్గర నేర్చుకుంటా? మూడింట్లో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా తుపాకీకి ఇంకా టైమ్ రాలేదు. పంట కోసమే అయితే మాత్రం ఆగాల్సిన పనిలేదు. రేపు పొద్దున్నే నష్టం ఫొటోలతో అటవీశాఖ ఆఫీసుకు వెళ్లండి. ఆ పనికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

(గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం. ఫీజులు, ఫారాలు మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే ముందు కమిషనరేట్‌లో ఒకసారి కనుక్కోండి.)